గాజులో రాయని గొంతు

జ్యేష్ఠం, మొదటి వారం. గాలి అంతంతమాత్రం.

గాజు పలకలు వచ్చాయి. ఒక్కోటీ అరచేతిలో ఇమిడేంత ఉంది. దాని మీద వందల థీసిస్‌లు పడతాయని తెచ్చినవాళ్ళు చెప్పారు. ఒకసారి రాస్తే నిప్పులో వేసినా నీళ్ళలో పడేసినా చెరగదట. దిద్దడం కూడా కుదరదట.

"ఈ మార్పు ఎలా జరిగిందో మన తరవాతివాళ్ళకు తెలియాలి హైమా. రోజూ కాకపోయినా అప్పుడప్పుడూ రాసి పెట్టు" అన్నారు జగ్గారావు గారు. ఆయన మా గ్రంథాలయాధికారి. అందుకే ఈ దినచర్య.

మా గ్రంథాలయం పాత రైలు సొరంగంలో ఉంది. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు కింది విశ్వవిద్యాలయాలవాళ్ళు కుర్చీలూ బల్లలూ వదిలేసి, థీసిస్‌లున్న డిస్కుల్ని మాత్రం లారీల్లో కొండెక్కించారట. నేను ఇక్కడే పుట్టాను. సముద్రం చూడలేదు. ఆ డిస్కుల్ని చూసుకోవడమే నా ఉద్యోగం. కొండ మీది గాలిమరలు తిరిగితే డిస్కులు తిరుగుతాయి, లేకపోతే లేదు. ఈరోజు రెండు మాత్రం తిప్పగలిగాను. పొద్దున్నంతా గోడల చెమ్మ తుడిచి, మధ్యాహ్నం పేర్లు సరిచేశాను. ఎవరో మహానుభావుడు ఒక పెట్టె మొత్తంలో రాసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట గైడు పేరు ఎక్కించి పోయాడు.

గాజు చెరగదు కనక, రాసినవాళ్ళో వాళ్ళ వారసులో ఒప్పుకోనిదే ఏదీ దాని మీదికి ఎక్కించకూడదని నియమం. పలకలు కొద్దిగానే ఉన్నాయి కాబట్టి రాత మాత్రమే ఎక్కుతుంది. బొమ్మలూ ధ్వనులూ ఉన్న అనుబంధాలు ఎక్కవు. దసరా తరవాత డిస్కులన్నీ కొలిమికి పోతాయి. నీళ్ళ పంపులకు లోహం కావాలి.

జ్యేష్ఠం, అమావాస్య ముందు. గాలి లేదు.

గాలి లేని రోజు పని ఉండదు. చీకటి పడకముందే ఇంటికి పోదామని తాళం తీసుకుంటుంటే గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడింది. నడుం వంగలేదు. కొంగులో ఏదో మూట కట్టుకుని ఉంది.

"ఇక్కడ గొంతులు దాస్తారంట గదా తల్లీ?"

"థీసిస్‌లు దాస్తామండి. చదువుకున్నవాళ్ళు రాసిన పెద్ద పుస్తకాలు."

"అదే. మా ఊరి గొంతులు ఒకబ్బాయి అట్టుకెల్లి మీ పుస్తకంలో ఎట్టీసినాడంట. మాయమ్మ గొంతు కావాల నాకు."

లోపలికి రమ్మని బల్ల మీద కూర్చోబెట్టాను. పేరు మైలపల్లి కాసులమ్మ. ఇప్పుడు నీళ్ళ కింద ఉన్న మొగపేటలో పుట్టింది. రేవువాళ్ళ పేటలో కొడుకు కుటుంబంతో ఉంటోంది. ఒకప్పుడు చేపలు ఎండబెట్టిన మనిషి, ఇప్పుడు పుట్టగొడుగులు ఎండబెట్టి అమ్ముతోంది. కొంగు మూటలో ఉన్నవి అవే. నాకోసం తెచ్చింది.

"మీ అమ్మగారు ఎప్పుడు పోయారు?"

"నాను నడక నేర్సకముందే పోనాది. జొరమొచ్చీసి మూడ్రోజుల్లో పోనాదంట. మా పెద్దమ్మ పెంచినాది నన్ను. అమ్మ ఎలాగుండీదే అంటే, నీ మొకం నువ్వే సూసుకో, అచ్చం అలాగే ఉండీది అనీది. గొంతెలాగుండీదే అంటే ఏటి సెప్తాది? గొంతుకి అద్దం నేదు గదా."

ఆ పెద్దమ్మే పోయేముందు చెప్పిందట. అమ్మ పోయిన ఏడాదే ఒక కుర్రాడు చిన్న యంత్రం పట్టుకుని మొగపేట వచ్చాడనీ, వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళందరి దగ్గరా కూర్చుని మాటలు పట్టుకుపోయాడనీ.

"మీయమ్మ దగ్గర కూడా కూకున్నాడే అన్నాది. అంతవరకే సెప్పినాది" అంది కాసులమ్మ.

ఏ మాటా ఇవ్వలేదు నేను. గాలి వచ్చాక వెతుకుతానన్నాను.

ఆషాఢం, రెండో వారం. గాలి బాగుంది.

థీసిస్ దొరికింది. వేమకోటి శేషగిరి అనే పరిశోధకుడు మొగపేట జాలరుల మాటల మీద రాసినది. వలల పేర్లూ గాలుల పేర్లూ అలల పేర్లూ. ఒక్క గాలికే ఎన్ని పేర్లో! శ్రద్ధగా చేసిన పని.

మాటలు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఒక్కటీ లేవు. అందరికీ అంకెలు. అప్పటి పద్ధతి అది, మనుషుల గోప్యత కాపాడాలని. అనుబంధంలో ధ్వని ఫైళ్ళున్నాయి. వాటికీ అంకెలే. ఏది పైడితల్లి? కాసులమ్మ తల్లి పేరు అది.

ఫైళ్ళు తెరుచుకోవడం లేదు. ఆ రకం ధ్వనిని పలికించే ప్రోగ్రాములు ఎప్పుడో పోయాయి.

శేషగిరి గారు ముసలితనంలో చనిపోయారు. ఆయన మనవడు పడమటి కనుమల్లో ఉన్నాడు. ఒప్పుదల అడుగుతూ కబురు పంపాను. రాత ఎక్కించుకోండి, ధ్వని సంగతి అందులో మాట్లాడినవాళ్ళ కుటుంబాలను అడగండి అని జవాబు వచ్చింది. మంచివాడిలా ఉన్నాడు.

శ్రావణం, మొదటి వారం. గాలి బాగుంది.

దారి దొరికింది, అదీ ఇంకో థీసిస్‌లోంచి! పాడైపోయిన పాత ధ్వనుల్ని తిరిగి పలికించడం మీద ఒక ఇంజనీరింగు విద్యార్థిని రాసిన థీసిస్ ఉంది. ఒక్కరూ తెరిచిన గుర్తు లేదు. దాని అనుబంధంలో ఆవిడ తయారుచేసిన ప్రోగ్రాము ఉంది. దాన్ని మా యంత్రం మీద నడపడానికి చాలా అవస్థ పడ్డాను. ఈరోజు మొదటి ఫైలు పలికింది.

ముందు గాలి. తరవాత గాలి కాని ఇంకేదో చప్పుడు, పెద్దది, వచ్చి వెనక్కి పోతూ, మళ్ళీ వస్తూ. కాసేపటికి గాని అర్థం కాలేదు, అది సముద్రమని.

జగ్గారావు గారిని పిలిచాను. ఆయన చిన్నప్పుడు తీరంలో ఉన్న మనిషి. చెవికి పెట్టుకుని విని, బయటికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి తిరిగి వచ్చి, "ఆవిడను రమ్మను" అన్నారు.

శ్రావణం, చివరి వారం. గాలి ఉన్నప్పుడల్లా.

గాలి వీచిన ప్రతిరోజూ కాసులమ్మ వస్తోంది. కళ్ళు మూసుకుని వింటుంది. ఎవరో ఆడమనిషి వల కన్నుల కొలత చెబుతుంటుంది, హఠాత్తుగా ఈవిడ కళ్ళు తెరుస్తుంది.

"ఇది సూరాడ లచ్చమ్మ! తాగుబోతు మొగుణ్ణి బెస్తవీధంతా తరిమినాది ఒకసారి. నాను పెద్దయినాక కూడా బతికే ఉండీది."

"ఇది మా పెద్దమ్మే! ఓలమ్మ, ఎంత సన్నంగుండీది గొంతు! నాకు తెలిసేసరికి బొంగురుపోనాది."

పెద్దమ్మ గొంతు మూడుసార్లు వినిపించమంది. నేను అంకెల పక్కన పేర్లు రాస్తూ వచ్చాను. పేటలో ఈ కబురు పాకింది. లచ్చమ్మ మనవలు వచ్చారు, ఇంకెవరివో ముని మనవలు వచ్చారు. అందరూ ఒప్పుకుంటున్నారు. గాజులో మా వాళ్ళ గొంతు ఉండాలి అంటున్నారు. జగ్గారావు గారు పై వాళ్ళతో పోట్లాడి, మొగపేట ధ్వనికి ఒక పలక విడిగా సంపాదించారు.

ఫైళ్ళన్నీ అయిపోయాయి. పైడితల్లి లేదు.

ఎవరో గుర్తుపట్టని గొంతులు రెండు మిగిలాయి. "ఈ రెండిట్లో ఒకటేమో" అన్నాను. కాసులమ్మ ఆ రెండూ మళ్ళీ మళ్ళీ వింది. ఒకావిడ మాటలో బోసినోరు తెలుస్తోంది, మనకు కావలసినావిడ అంత ముసలిది కాదు. రెండో ఆవిడ తనకు పెళ్ళి కాలేదని తనే చెప్పింది.

"అబద్ధం ఆడీసైనా ఇదే మాయమ్మని అనుకుందావనిపిస్తంది" అంది కాసులమ్మ. లేచి చెప్పులు వేసుకుంటూ, "రేపొచ్చీసి మళ్ళా ఇంతాను" అంది. ఇక వినడానికి ఏమీ లేకపోయినా సరేనన్నాను.

భాద్రపదం, రెండో వారం. గాలి చాలా బాగుంది.

థీసిస్ సమర్పించేటప్పుడు కొందరు తమ కంప్యూటర్లో ఉన్నదంతా ఏరకుండా ఇచ్చేసేవారు. శేషగిరి గారూ ఇచ్చారు. ఖర్చుల చిట్టాల కింద ఇంకో ఫోల్డరు ఉంది. పేరు "పనికిరానివి". కుక్కలు మొరిగి పాడైనవి, గాలి హోరులో కొట్టుకుపోయినవి. అన్నిటికన్నా చిన్న ఫైలు పక్కన ఆయన రాసుకున్న మాట ఒకటి: "మాట్లాడటానికి ఇష్టపడలేదు."

నేను ముందుగా వినలేదు. వినాలనిపించింది, కానీ వినలేదు. కాసులమ్మకు కబురు పంపి, ఆవిడ వచ్చి కూర్చున్నాక తెరిచాను.

సముద్రం. కుర్రాడి గొంతు, బెరుకుగా: "అమ్మా, ఈ వలను మీరు ఏమంటారు?"

"నన్నడగొద్దు బాబూ. ఆ ఎర్రలైటు ఎలుగుతంది, ముందు దాన్నాపీ."

"ఆపేశానమ్మా."

"ఆపినేదు నువ్వు. నాను సూడట్లేదనుకున్నావేటి? నా మాట పెట్టెలో ఎట్టుకోని ఊరూరూ తిప్పుతావా? నాకొద్దు. నా మాట నా దగ్గరే ఉండనీ."

పసిపిల్ల ఏడుపు. దూరంగా మొదలై దగ్గరికి వచ్చింది, పాకుతూ వస్తున్నట్టు.

"వత్తన్నానే తల్లీ, వత్తన్నాను... ఓలమ్మ, నోట్లో ఏటే అది? ఇసకా? ఉమ్మీ! కాసులూ, ఉమ్మీ అంతన్నానా!"

అక్కడ ఆగిపోయింది.

 కాసులమ్మ నవ్వింది. చిన్నగా మొదలైంది, భుజాలు ఊగిపోయేదాకా పోయింది. నేనూ నవ్వాను. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఆవిడకూ తెలిసుండదు.

"తిట్టినాది నన్ను" అంది ముఖం తుడుచుకుంటూ. "సూసినావా, ఎంత కోపమో! మళ్ళా ఎట్టు తల్లీ."

మళ్ళీ పెట్టాను. గాలి ఆగేదాకా పెడుతూనే ఉన్నాను.

భాద్రపదం, చివరి వారం. గాలి ఉంది.

జగ్గారావు గారు ఫైలు విన్నారు. వినకుండా ఉంటే బాగుండేదన్నట్టు చూశారు.

"ఇది కుదరదు హైమా. ఆవిడ స్పష్టంగా వద్దంది. గాజు ఎప్పటికీ చెరగదు. వద్దన్న మనిషి గొంతును ఎప్పటికీ ఉండేలా ఎలా రాస్తాం?"

"కూతురు వారసురాలే కదా సార్. ఆవిడ ఒప్పుకుంటే?"

"ఏమీ చెప్పకుండా పోయినవాళ్ళ తరఫున వారసులు ఒప్పుకోవచ్చు. వద్దని చెప్పి పోయినవాళ్ళ తరఫున ఎవరు ఒప్పుకుంటారు? అసలు ఆ కుర్రాడు అప్పుడే తీసేసి ఉండాల్సింది."

ఆయన మాటలో తప్పు లేదు. అదే నా బాధ. డిస్కులు పోతాయి, గాజులో చోటు లేదు. అంటే ఆ గొంతు పోయినట్టే.

కాసులమ్మకు నేనే చెప్పాను. ఎలా చెప్పానో రాయను, సరిగ్గా చెప్పలేదు. ఆవిడ అంతా విని జగ్గారావు గారి గదికి నడిచింది. వెనకే వెళ్ళాను.

"బాబూ, మాయమ్మ వద్దన్నాది. ఆ మాట నానూ ఇన్నాను. గాజులో ఎయ్యొద్దు. మనవలూ ముని మనవలూ, ముక్కూ మొకం తెలీనోలూ ఇనడానికి ఆవిడ గొంతు ఇయ్యనేదు."

"అర్థం చేసుకున్నారు, సంతోషం అమ్మా" అన్నారాయన.

"ఆగు బాబూ, అయిపోనేదు. నాను బతికున్నన్నాళ్ళూ ఉంచండి. నా ఒక్కదానికీ. నాను పోయినాక తీసీయండి."

"వద్దన్నారు కదమ్మా ఆవిడ..."

"వద్దన్నాది. ఇసక తినొద్దనీ అన్నాది. తిన్నేదేటి నాను? తల్లి సెప్పిందల్లా ఏ గుంట ఇంతాది? నానూ ఇన్ను. కొన్నాళ్ళు ఇన్ను. ఆకర్న ఇంతాను."

జగ్గారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత నా వైపు తిరిగి, "ఒక్క డిస్కు కొలిమికి పంపకుండా ఉంచగలవా?" అన్నారు.

"ఉంచుతాను."

"ఒక్క ప్రతి. రెండోది చేయకూడదు. ఆవిడ తప్ప ఎవరూ తెరవకూడదు."

"రెండోది నాకూ వద్దు" అంది కాసులమ్మ.

భాద్రపదం, అమావాస్య. గాలి లేదు.

ఇది గ్రంథాలయం సంగతి కాదు. అయినా రాస్తున్నాను.

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆవిడ తన గొంతుతో పంపిన కబుర్లన్నీ బ్యాటరీతో నడిచే నా చేతి యంత్రంలో ఉన్నాయి. ఎన్నో. ఒక్కటీ వినలేదు ఇన్నాళ్ళూ. వింటే ఏమవుతుందోనని భయం. పైగా ఎప్పుడైనా వినొచ్చు కదా అనే ధీమా.

ఈరోజు విన్నాను. "హైమా, నీళ్ళు వచ్చాయా?" "హైమా, అన్నం తిన్నావా?" "హైమా, మాట్లాడవేం, పలుకుతోందా ఇది?" అన్నీ ఇవే. ఇంతకు మించి ఒక్క మాట లేదు.

తిన్నానమ్మా అని గదిలో పైకే అన్నాను. నిజానికి తినలేదు. లేచి వండుకున్నాను.

ఆశ్వయుజం, దసరా తరవాత. గాలి బాగుంది.

గాజు పని పూర్తయింది. ఒప్పుదల వచ్చిన థీసిస్‌లన్నీ ఎక్కాయి. మొగపేట గొంతులు, పేర్లతో సహా, వాటికని తెచ్చిన పలక మీద ఉన్నాయి.

ఈరోజు లారీలు వచ్చి డిస్కుల్ని తీసుకుపోయాయి. ఇన్నేళ్ళుగా ఆ హోరులోనే పనిచేశాను. సొరంగం ఒక్కసారిగా మూగబోయింది. మూల ఒక్క పెట్టెలో ఒక్క డిస్కు, అందులో ఒక్క ఫైలు. దాని ముందు నిలబడితే గాని చప్పుడు తెలియదు.

కాసులమ్మ సాయంత్రం వచ్చింది. పెట్టె మీద చెయ్యి వేసి, "ఎచ్చగుంది" అంది.

పుష్యం, రెండో వారం. గాలి తక్కువ.

డిస్కు మొదలయ్యేటప్పుడు గీరుతున్నట్టు శబ్దం చేస్తోంది. ఎన్ని నెలలు నడుస్తుందో చెప్పలేను. విడిభాగాలన్నీ కరిగిపోయాయి. రెండో ప్రతి చేద్దామా అని కాసులమ్మను అడిగాను.

"వద్దు. ముందది పోద్దో నాను పోతానో సూద్దారి" అంది ఉత్సాహంగా, ఏదో పందెం వేసుకున్నట్టు.

ఈ మధ్య ఆవిడ మొదటి భాగమే వింటోంది. వాళ్ళమ్మ కుర్రాడితో పోట్లాడే భాగం. ఎందుకని అడిగితే, "నన్ను తిట్టినదానికంటే ఆడ్ని తిట్టినదే బాగుంది. నాకోసం మాటాడితే అమ్మ. ఆడితో మాటాడినప్పుడు మనిసి. ఎలాటి మనిసో నాకెవులూ సెప్పనేదు. ఇప్పుడు తెలస్తంది" అంది.

మూడో ఏడు, ఫాల్గుణం. గాలి బాగుంది.

డిస్కు ఇంకా నడుస్తోంది. గీరుతూ, మూలుగుతూ, నడుస్తోంది.

మాఘంలో కాసులమ్మ మంచం పట్టింది. పెట్టెను వాళ్ళింటికి మోసుకుపోదామంటే, కదిలిస్తే డిస్కు మళ్ళీ లేవదని భయం వేసింది. వెళ్ళి చూశాను. "వినాలనుందా?" అని అడిగాను. చెవి దగ్గర వేలు పెట్టుకుని, ఇక్కడుందిలే అన్నట్టు తల ఊపింది. కళ్ళు మూసుకుని, కుర్రాడి ప్రశ్న దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా అప్పజెప్పింది. తల్లి ఊపిరి తీసుకున్నచోట తనూ తీసుకుంది.

ఈరోజు పొద్దున్న ఆవిడ మనవరాలు నూకరత్నం వచ్చింది. పేటలో బడి పంతులమ్మ. నిన్న తెల్లారగట్ల మామ్మ పోయిందని చెప్పింది. "తీసీయమని మీకు గుర్తు సెయ్యమంది. మర్నాడే ఎల్లాలంది. అందుకే వచ్చానండి."

ఇద్దరం సొరంగంలోకి నడిచాం. పెట్టె మీది దుమ్ము తుడిచాను. తుడవాల్సినంత దుమ్ము లేదు.

"ఒక్కసారి వినొచ్చాండీ?" అంది నూకరత్నం. వెంటనే తనే, "వద్దులెండి. మామ్మకి మాటిచ్చాను" అంది. మళ్ళీ కాసేపటికి, "పోనీ, ఏముందో మీరు చెప్పొచ్చు కదా?" అంది.

చెప్పడం గురించి ఎవరూ ఏ నియమమూ పెట్టలేదు. చెప్పాను. ఎర్రలైటు సంగతి చెప్పాను, ఇసక సంగతి చెప్పాను. గొంతు ఎలా ఉండేదంటే మాత్రం చెప్పలేకపోయాను. ఆ పిల్ల నవ్వింది. అచ్చం కాసులమ్మలాగే, భుజాలు ఊగేలా.

మీట నేనే నొక్కాను. నూకరత్నం నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. డిస్కు కాసేపు తనంతట తాను తిరిగి, నెమ్మదించి, ఆగింది.

తీసేసిన ప్రతిదానికీ నమోదు ఉండాలి, కారణంతో సహా. ఆ పిల్ల వెళ్ళాక కూర్చుని నింపాను. ఫైలు: మొగపేట, పేరు చెప్పని స్త్రీ. కొట్టేసి, పైడితల్లి అని రాశాను. అదీ కొట్టేశాను. పేరు చెప్పమని ఆవిడ అనలేదు.

కారణం అన్నచోట ఇలా రాశాను: తల్లి అడిగింది. కూతురు ఒప్పుకుంది.